విన్న పుస్తకాలు

మా దామరపల్లెలో పుస్తకాలు చదివినవాళ్లు లేరు, విన్నవాళ్లున్నారు. చదివేదాన్ని నేనొక్కదాన్నే. నా పేరు సుగుణ. పదో తరగతి దాకా చదివి, దర్జీ లక్ష్మీరాజాన్ని కట్టుకుని ఈ ఊరొచ్చాను. వచ్చిన కొత్తలో అందరిలాగే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చున్నాను. మా ఊరి ఆడవాళ్లకు అదే పని. గ్రంథాలయం అరుగు మీద వెలుతురు బాగుంటుంది, గాలి తగులుతుంది, అందుకని అందరూ అక్కడే చేరేవాళ్లు. లోపల బీరువాల్లో పుస్తకాలు, బయట మేము. లైబ్రేరియన్‌కు చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి ఒకటే ఉద్యోగం కాబట్టి ఆయన ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. తాళంచెవి నా దగ్గరే ఉండేది.

ఒకరోజు ఆకు కత్తిరిస్తుంటే నా వేలు తెగింది. ఊరికే కూర్చోవడం చేతకాక ఒక పుస్తకం తెచ్చుకుని చదువుకుంటున్నాను.

"లోపట్లోపట సదువుకుంటే మాకేం తెలుస్తది పిల్లా? జర బయటికి సదువు," అంది భూదవ్వత్త. అరుగు మీద అందరికన్నా పెద్దది, అందరికన్నా నోరున్నది ఆమే.

చదివాను. మర్నాడు కూడా చదవమన్నారు. వేలు మానాక చాట తీస్తే భూదవ్వత్త లాక్కుంది. "నువ్వు సదువు. నీ బీడీలు మేం సూస్తం," అంది. ఆ రోజు నుంచి తలా కొన్ని చుట్టి నా చాటలో వేసేవాళ్లు. నేను ఆకు ముట్టకుండానే సాయంత్రానికి నా చాట నిండేది. నా కూతురు హారిక పుట్టాక పాపను ఒళ్లో వేసుకుని చదివాను. ఆ పిల్ల పెద్దదై, చదువుకుని, హైదరాబాదులో ఏదో ప్రయోగశాలలో ఉద్యోగానికి వెళ్లాక కూడా చదువుతూనే ఉన్నాను.

ఏం చదివానంటే ఏం చెప్పను. కోళ్ల పెంపకం చదివాను, గ్రహణాల గురించి చదివాను, పాము కరిస్తే ఏం చేయాలో చదివాను. అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివింది మాత్రం అట్ట ఊడిపోయిన ఒక నవల. పేరేమిటో, రాసిందెవరో ఎవరికీ తెలీదు. ఏటి మీద పడవ నడిపే ఎల్లమ్మ అనే ఆమె కథ. "ఆ ఏడు ఏరు పొంగలేదు, అయినా పడవ మునిగింది," అని మొదలవుతుంది. ఆ ఒక్క వాక్యం మీదే మా అరుగు రెండుగా చీలిపోయేది. "పొంగకుంట మునుగుడేంది? అది మొగని పనే. పడవకు బొక్క కొట్టిండు," అని భూదవ్వత్త ఎప్పుడూ ఒకటే పట్టు. కాదని మిగతావాళ్లు. ఎవరూ తగ్గేవాళ్లు కాదు, మర్నాడు మళ్లీ అదే చదవమనేవాళ్లు.

వనజ మాత్రం ఆ గొడవలో దిగేది కాదు. మా ఇంటి వెనక సందులో ఉండేది, నన్ను వదినె అనేది. మొగుడు వదిలేసి ఇంకో ఊళ్లో కాపురం పెట్టాడు. మొగుడు లేని ఇంటికి ఎల్లమ్మ తిరిగొచ్చి, ఒంటరిగా పడవను గట్టుకు కట్టుకునే చోటు వస్తే వనజ చేతిలో ఆకు అలాగే ఆగిపోయేది. "ఇంకోపారి సదువు వదినె," అనేది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చదివాను.

మా ఆయన ఒక్కసారి వచ్చాడు వినడానికి. మొదటి పేజీ దాటకుండానే గురక పెట్టాడు. భూదవ్వత్త బీడీ కట్ట విసిరి లేపింది. మళ్లీ ఆ అరుగెక్కలేదు మనిషి.

ఇలా ఉండగా కాలం మారింది. మనిషి అడగకముందే జవాబు చెప్పే ఫోన్లు ఇంటింటికీ వచ్చాయి. వాన ఎప్పుడు పడుతుందో, దగ్గుకు ఏం మింగాలో అవే చెప్పేవి. ఇక ఊరికో గ్రంథాలయం ఎందుకన్న ఆలోచన పైవాళ్లకు పుట్టింది. ఒక అధికారి జీపు దిగి మా అరుగు ముందు నిలబడ్డాడు.

"పాఠకులు ఎంతమందమ్మా ఇక్కడ?"

"నేనొక్కదాన్నే సారూ. మిగిలినోళ్లు వింటరు."

"వినేవాళ్లు లెక్కలోకి రారమ్మా. చదివేవాళ్లే లెక్క."

భూదవ్వత్త ఏదో అనబోతే నేనే ఆపాను. ఆపకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. నెల తిరక్కుండానే మూసేయబోయే గ్రంథాలయాల్లో మాదీ ఉందని కబురొచ్చింది.   ఆ పుస్తకాలకు ఏ గోదాములోనో చెదలు పడతాయి. మేము ఎవరింట్లో వాళ్లం, దీపం పెట్టుకుని గోడకేసి చూస్తూ చుట్టుకోవాలి.

సరిగ్గా అప్పుడే హారిక ఒక తెల్ల వ్యానేసుకుని వచ్చింది. వెంట వాళ్ల పెద్దాయన, డాక్టర్ ఫణీంద్ర.

"అమ్మా, లైబ్రరీ మూయకుండ జేస్తం. మా పనికి ఒప్పుకున్న ఊళ్లల్ల మూయద్దని సర్కారు మాటిచ్చింది," అంది హారిక.

"ఏం పని?"

"పుస్తకాలు గావాలె."

"బీరువా నిండ ఉన్నయి, తీస్కపోండ్రి."

"కాయితాలల్ల ఉన్నయి కాదమ్మా. తలకాయలల్ల ఉన్నయి."

పుస్తకాల్లో అక్షరాలన్నీ యంత్రాలు ఎప్పుడో మింగేశాయట. అయినా అవి మాట్లాడితే బస్టాండులో మైకు చెప్పినట్టే ఉంటుందట. ఒక పుస్తకం మనిషిలో ఏళ్ల తరబడి నాని, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ కోపం రావాలో కుదురుకున్నాక ఎలా ఉంటుందో అది వాళ్లకు కావాలి. పట్నంలో వెతికితే అలాంటి తల ఒక్కటీ దొరకలేదట. పట్నంవాళ్లు అన్నీ ఫోన్లనే అప్పటికప్పుడు అడిగి తెలుసుకుని అప్పటికప్పుడే మర్చిపోతారు. ఉన్నవే నాలుగు పుస్తకాలు మళ్లీ మళ్లీ తిరగేసిన పల్లెటూరి గ్రంథాలయాల్లోనే ఆ సరుకు మిగిలిందట. ఇన్నాళ్లకు మా పేదరికం ఒకరికి పనికొచ్చింది.

"తీసుకుంటే మాకేమైతది?" అని అడిగింది భూదవ్వత్త.

హారిక ఆమె చాటలోంచి ఎండిన ఆకొకటి తీసింది. "దీన్ని ఇట్లనే చుడుతవా నాయినమ్మా? చిట్లుతది. తడపాలె. పుస్తకం గుర్తు తెచ్చుకునుడు గూడ తడుపుడే. తడి మీదున్నప్పుడు మేం తీస్కుంటం. తీస్కున్నంక ఆ పుస్తకం నీకు యాదికుండదు. అంతే. మళ్ల మా అమ్మ సదివితే కొత్తగ వింటవ్."

"మంచిదే గద. కొత్తగ వింట," అంది భూదవ్వత్త, అందరికన్నా ముందు వ్యానెక్కింది.

లోపల ఒక కుర్చీ, దాని మీద వెదురు గంపలాంటి టోపీ. మా వాళ్లు దాన్ని గంప అనే పిలిచారు. భూదవ్వత్త తలకు గంప పెట్టి ఎదురుగా తెర మీద నవల మొదటి వాక్యం వేశారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఫణీంద్ర తనే చదివి వినిపించాడు. తెర మీద, తల లోపలి కదలికను చూపే గీత కదల్లేదు. హారిక చదివింది. కొంచెం కదిలినట్టు కదిలి ఆగిపోయింది. ఇద్దరూ తీగలన్నీ పీకి మళ్లీ పెట్టారు, అయినా లాభం లేకపోయింది.

చివరికి హారిక వ్యాను తలుపు తీసి నన్ను పిలిచింది. "అమ్మా, జర నువ్వు సదువు."

ఎక్కి, మామూలుగా అరుగు మీద చదివినట్టే చదివాను. "ఆ ఏడు ఏరు పొంగలేదు, అయినా పడవ మునిగింది."

భూదవ్వత్త పెదాలు కదిలాయి. తెర నిండా గీతలు పరిగెత్తాయి. ఫణీంద్ర బోరు బావిలో నీళ్లు పడిన రైతులా నవ్వాడు. మొదటి వాక్యం అందిస్తే చాలు, మిగతాదంతా ఆమె తలలోంచి దానంతటదే వచ్చేసింది.

పని అయ్యాక నేనే చేయిచ్చి దించాను. "ఎట్లుంది అత్తా?" అన్నాను.

"మంచిగనే ఉంది బిడ్డా," అని నా ముఖంలోకి చూసింది. "నువ్వెవరింటికొచ్చినవ్?"

అరుగంతా నవ్వింది. ఆమె పరాచికాలు మాకు కొత్త కాదు. నేనూ నవ్వాను. ఆమె వెళ్లి తన చోట కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు నా చాటలో వేశారు, ఆమె వేయలేదు. తర్వాత, రోజూ అరుగు మీద నా పక్కనే కూర్చునే రాజవ్వ ఎక్కింది. ఆమెకూ నేనే మొదటి వాక్యం చదివాను. దిగి, బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసి, కొంచెం జరగమంది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

హారిక నన్ను వ్యానులోకి లాక్కెళ్లి తలుపేసింది. భూదవ్వత్త తలలోంచి తీసినదాన్ని స్పీకరులో పెట్టింది. అందులో ఉన్నది భూదవ్వత్త గొంతు కాదు, నాది. వయసులో ఉన్నప్పటి గొంతు. పేజీ మధ్యలో దగ్గుతున్నాను, "ఆకు ఆరిపోతాంది, తడిగుడ్డ కప్పుండ్రి," అంటున్నాను, మళ్లీ చదువుతున్నాను. వెనకాల పసిపిల్ల ఏడుపు. "ఉష్, పండు నా తల్లి, పండు," అని నేనే అంటున్నాను. ఆ పసిపిల్ల ఇప్పుడు నా ఎదురుగా నిలబడి స్పీకరు కట్టేసింది. 

ఫణీంద్ర ఇదేమీ గమనించే స్థితిలో లేడు. "అమ్మా, మేం ఎన్ని ఊళ్లు తిరిగామో మీకు తెలీదు. ఎక్కడికెళ్లినా తలకో గొంతు. ఎవరు చదువుకున్నది వాళ్ల గొంతుతోనే లోపల ఉంటుంది. ఇక్కడ ఇంతమందిలో ఒకటే గొంతు ఉంది. ఇలాంటిది మళ్లీ దొరకదు," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ల ముఖాలు కనిపించవు, అంతే.

"తప్పు జరిగిందమ్మా," అంది హారిక. "సదువుకున్నోళ్లకు పుస్తకం పోతే పుస్తకమే పోతది. వాళ్ల గొంతు వాళ్లకుంటది. మనోళ్లకు పుస్తకమంటే నీ గొంతే. నీ గొంతంటే నువ్వే. నాన్న ఒక్క దారం గుంజితే అతుకంత ఇడుస్తది సూడు, అట్లయింది. నువ్వెవరో వాళ్లకు తెల్వదు. మళ్ల రాదు."

"పెండ్లిళ్లకు పోయిన, పురుళ్లకు పోయిన. అదంత ఏమాయె?"

"నువ్వు ఎక్కడికి పోయినా వాళ్లకు నువ్వు సదివే సుగుణవే గదమ్మా. ఆపేద్దాం. బండి తీస్కొని పోత."

పోతే గ్రంథాలయం మూతపడుతుంది. ఇద్దరూ దిగి ఆ మాటే అరుగు మీద చెప్పాం, ఏదీ దాచలేదు. భూదవ్వత్త, రాజవ్వ ఎవరిదో కథ వింటున్నట్టు విన్నారు.

"వద్దంటె వద్దు," అంది వనజ. "సుగుణొదినెను మర్శిపోయినంక గీ లైబ్రరీ ఎందుకు? బోళ్లు తోముకుంటానికా?"

"మూసేస్తే యాడ కూసుంటం మరి?" అన్నారు ఎవరో.  చివరికి అందరూ నా వైపే చూశారు.

నేను ఒప్పుకున్నాను. త్యాగం అనుకోకండి, పొగరనుకోండి. ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాడు నన్నెవరు ఎరుగుదురు? చదివి చదివి సంపాదించుకున్నాను ఈ మనుషుల్ని. గ్రంథాలయం నిలబడితే అదే అరుగు మీద అదే పుస్తకం మళ్లీ తెరుస్తాను, నాలుగు నెలలు తిరిగేసరికి మళ్లీ నా వాళ్లవుతారు. అలా లెక్కేసుకున్నాను. హారిక గంప కింద కూర్చోకూడదని, వనజను ముట్టుకోకూడదని మాత్రం షరతు పెట్టాను.

"నేనెందుకు వద్దు?" అంది వనజ.

"నన్ను తిట్టుటానికి ఒక్కరన్న ఉండాలె గద," అన్నాను.

వారం రోజులు వ్యాను మా అరుగు ముందే ఉంది. ఒక్కొక్కరికీ నేనే మొదటి వాక్యం అందించాను, నా నోటితో చదివితే తప్ప ఆ యంత్రం కదలదు కాబట్టి. ఎక్కేటప్పుడు నా చేయి పట్టుకుని ఎక్కేవాళ్లు. దిగేటప్పుడు చేయి చాపితే, పరాయి మనిషి ఎందుకు పట్టుకుంటుందా అన్నట్టు చూసి తలుపు పట్టుకుని దిగేవాళ్లు. మొదటి రెండు రోజులు ఏడ్చాను. తర్వాత ఏడుపు కూడా రాలేదు.

ఇంటికెళ్తే లక్ష్మీరాజం కుట్టుమిషను మీద నుంచి తలెత్తి, "అన్నం తిన్నవానే?" అనేవాడు. ఊళ్లో ఆడవాళ్లంతా నన్ను మర్చిపోయారు గాని, నా మాట ఏనాడూ చెవికెక్కించుకోని ఈయనకు మాత్రం నా పేరు, నా పుట్టిల్లు, నాకు వంకాయ పడదన్న సంగతి అన్నీ గుర్తున్నాయి. ఊళ్లో మగవాళ్లకు కూడా నేను గుర్తే. వాళ్లకు నేను ఎప్పుడూ దర్జీ పెళ్లాన్నే, అంతకు మించి ఏమీ కాను. చదవడం రాని వాళ్ల దగ్గర నేను మనిషిని, వినడం రాని వాళ్ల దగ్గర పెళ్లాన్ని. ఇప్పుడా రెండోదే మిగిలింది.

సర్కారు మాట తప్పలేదు. గ్రంథాలయానికి సున్నం వేశారు, పైకప్పు బాగుచేశారు, అరుగు మీద కొత్త బల్ల వేసి, పుస్తకాలు చదివి వినిపించే పలుకుపెట్టె తెచ్చిపెట్టారు. మా ఊళ్లోనే కాదు, రాష్ట్రంలో ప్రతి పల్లె గ్రంథాలయంలోనూ పెట్టారు. అన్నిట్లోనూ నా గొంతే. దగ్గు తీసేశారు. తడిగుడ్డ కప్పమన్న మాట తీసేశారు. పసిపిల్ల ఏడుపు తీసేశారు. అవన్నీ ఒక్కొక్కటే ఏరి తీసింది హారికే. ఆ పని తనకు కాకుండా ఇంకెవరికైనా ఇస్తే ఇంకా ఘోరంగా కోసేస్తారని చేశానంది. 

పెట్టె వచ్చిన మర్నాడు అరుగెక్కి, నా పాత చోట కూర్చుని అట్ట లేని నవల తెరిచాను. రెండు వాక్యాలు చదివానో లేదో ఒకామె మర్యాదగానే అంది. "అక్కా, పెట్టె సదువుతాంది గద. జర ఊకో, వినస్త లేదు."

ఊరుకున్నాను. పెట్టె ఆగాక మళ్లీ మొదలుపెట్టాను. రాజవ్వ పక్కామెను మోచేత్తో పొడిచి నవ్వింది. "ఈమె అచ్చం పెట్టె లెక్కనే మాట్లాడ్తది సూడు."

అందరూ నవ్వారు. ఇంకోసారి మాట్లాడమన్నారు. పిల్లలను పిలిచి చూపించారు. ఆ గొంతు నాదేనమ్మా, ముప్పై ఏళ్ల పైచిలుకు మీకు చదివింది నేనేనమ్మా అని చెప్పాను. అబద్ధమని ఎవరూ అనలేదు. "అట్లనా బిడ్డా? మంచిగ సదివేదానివన్నట్టు," అంది భూదవ్వత్త జాలిగా. అంతే. అలాంటి సంగతి వింటే ఎవరైనా అనే మాటే అది. సాయంత్రానికి నా చాటలో ఒక్క బీడీ లేదు. ఎందుకు వేస్తారు? చదివింది నేను కాదు కదా.

ఒకరోజు పెట్టె నవల చదువుతుండగా రాజవ్వ అడిగింది, ఏరు పొంగకుండా పడవెట్ల మునిగిందని. "పడవకు ఆమె భర్తే రంధ్రం చేశాడని కొందరు పాఠకుల అభిప్రాయం," అంది పెట్టె నా గొంతుతో, ఎక్కడా వేడి లేకుండా. అది భూదవ్వత్త మాట. జీవితమంతా ఆ మాట మీద కొట్లాడిన మనిషి. నేను ఆమె వైపు చూశాను.

"అవునా? ఏమో, అయితే గావచ్చు," అని భూదవ్వత్త దారం కొరికింది. ఆ తర్వాత ఎవరూ వాదించుకోలేదు. పెట్టె తర్వాతి పేజీకి వెళ్లిపోయింది.

గ్రంథాలయం ఇప్పుడు కళకళలాడుతోంది, ఆ మాట చెప్పుకోవాలి. మునుపు వచ్చిన అధికారే మళ్లీ వచ్చాడు, ఇంకొందరిని వెంటేసుకుని. పెట్టె ముందు కూర్చున్న ప్రతి మనిషినీ పాఠకురాలి కింద రాసుకోమన్నాడు. వినేవాళ్లు ఇప్పుడు లెక్కలోకి వస్తారట. జిల్లాలో మాదే ఆదర్శ గ్రంథాలయం అన్నాడు. నేను ఒక మూల నిలబడి విన్నాను. గ్రంథాలయానికి నేను కోరుకున్నది ఒక్కటీ తప్పకుండా జరిగింది.

అరుగు మీద నాతో మాట్లాడేది వనజ ఒక్కతే. నా చాటలో తన బీడీలు తీసి వేసేది, వద్దన్నా వినేది కాదు. అలాంటిది హఠాత్తుగా రావడం మానేసింది. నాలుగు రోజులు చూసి ఇంటికెళ్లాను. చీకటి గదిలో ఒక్కతే కూర్చుని చుడుతోంది. ముఖం పీక్కుపోయింది.

"పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది."

"మరెందుకొస్తలేవ్?"

చాట పక్కన పెట్టింది. "ఎట్ల రావాలె వదినె? అందరికి అది పెట్టె. నాకు అది నువ్వు. అండ్ల నువ్వు మాట్లాడ్తాంటవ్, ఇక్కడ నువ్వే నోరు మూసుకొని కూసుంటవ్. సచ్చినోళ్ల గొంతు విన్నట్టుంటది నాకు, పక్కకు జూస్తె నువ్వు బతికే ఉంటవ్. అందరు నిన్ను జూసి నవ్వుతాంటె నాకు జూడబుద్ధయితలేదు. వాళ్లకేం, హాయిగుండ్రు. నన్ను గూడ ఆ గంప కింద కూసోవెట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గులేదా నీకు? ఒక్కదానివి మిగిలినవ్, నువ్వు గూడ నన్నిడిసిపెట్టి పోతవా?"

"పోత లేను. గీ సందులనే ఉంట. తెల్వకుండ ఉంట."

నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. నన్ను తిట్టడానికని మిగుల్చుకున్న మనిషిని నేనే తిట్టాను, ఆ ముచ్చటా తీరింది. కాని ఆమె తిండి మానేసింది. అన్నం పట్టుకెళ్తే ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చునేది. దూరంగా గ్రంథాలయం నుంచి నా గొంతు గాలికి వినిపిస్తే రెండు చేతులతో చెవులు మూసుకునేది. ఎదురుగా నేను ఏమైనా అడిగినా చెవుల మీద నుంచి చేతులు తీసేది కాదు. నన్ను ఎరిగి ఉండడమే ఆమెకు రోగమైంది. దాన్ని మిగుల్చుకున్నది నా కోసమే గాని ఆమె కోసం కాదని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పెట్టె బాగుచేయడానికి హారిక వ్యానులో వచ్చిన రోజు వనజ తనే నడిచి వెళ్లి నిలబడింది.

"అవసరం లేదు అత్తా. అన్ని పుస్తకాలు అయిపోయినయి. నీ తలకాయల ఉన్నయన్ని మా దగ్గరున్నయి," అంది హారిక.

"నీకవసరం లేకుంటేంది బిడ్డా, నాకుంది."

హారిక నా వైపు చూసింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను. అదే ఒప్పుకోలు అనుకుంది, కావచ్చు కూడా. వనజ గంప కింద కూర్చుంది. తెర వెలిగింది. గీత కదలకుండా తిన్నగా ఉంది. నేను నోరు విప్పితే తప్ప అది కదలదు. విప్పకుండా కూర్చున్నాను. 

"సదువు వదినె," అంది చివరికి. ఇన్నేళ్లూ అరుగు మీద అడిగినట్టే అడిగింది.

చదివాను. మొదటి వాక్యంతో ఆపాల్సింది, ఆపలేకపోయాను. పుస్తకం చేతిలో లేదు, అవసరమూ లేదు. ఎల్లమ్మ ఒంటరిగా పడవను గట్టుకు కట్టుకునే చోటు దాకా చదువుతూనే పోయాను. మధ్యలో దగ్గొచ్చింది, దగ్గి మళ్లీ చదివాను. అక్కడికి వచ్చాక వనజ కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇంకోసారి చదవమంటుందేమోనని ఆగాను. ఆమె అడగలేదు.

ఆమె దగ్గర తీసింది ఎక్కడా దాచలేదని హారిక తర్వాత చెప్పింది. దాచడానికి చోటు లేక కాదు, దాంతో పని లేక.

వనజ తలుపు పట్టుకుని దిగింది. కొంగు సర్దుకుని, ఎండలో కళ్లు చికిలించి చుట్టూ చూసింది. ముఖం తేటగా ఉంది, చాలా రోజుల తర్వాత నిద్రపోయి లేచిన మనిషిలా ఉంది. అరుగు మీద పెట్టె అప్పుడే కొత్త పేజీ అందుకుంది. వనజ అటు నడవబోయి, వ్యాను పక్కన నిలబడ్డ నన్ను చూసి ఆగింది.

"ఏ ఊరక్కా మీది? గట్ల ఎండల నిలవడ్డవేంది?" అంది. "దా, కూసో. మస్తు మంచిగ సదువుతాంది."

తన పక్కన చోటు చూపించింది. వెళ్లి కూర్చున్నాను. కాసేపు విన్నాక నా చెవి దగ్గరకు వంగి, "ఎవ్వలి గొంతో గాని, విన్నకొద్ది వినబుద్ధయితది," అంది.

"అవును," అన్నాను, పెట్టె గొంతులా వినిపించకుండా, చిన్నగా.